గుట్టు విప్పిన కుట్టు

గుడ్డకి ఒక పక్క ఇల్లు. వాకిట్లో మగవాడు. ఒక చేతిలో సీసా, పైకెత్తిన రెండో చేతిలో కర్ర. అతని కాళ్ల దగ్గర కొంగు ముఖం మీదికి లాక్కుని ఒదిగి కూర్చున్న ఇల్లాలు. ఆమె వెనక ఇద్దరు పిల్లలు. అదే గుడ్డకి రెండో పక్క చెట్టు కింద ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చున్నారు. ఒకామె నిలబడి చెయ్యి చాచి ఏదో చెబుతోంది. ఇంకో మూల జడలు వేసుకున్న పిల్ల బడికి పోతోంది. బొమ్మల అంచులన్నీ నల్లదారంతో వేసిన గొలుసుకుట్టు. లోపలంతా రంగుదారాల సన్న కుట్టు.

ఇలాంటి బొంతలు పుట్టే ఊరు బీహార్‌లో ఉంది. పేరు భుసురా. ఆ బొంతని అక్కడ సుజనీ అంటారు. ఇంట్లో తగిలిన దెబ్బని, కట్నం కోసం పెట్టిన ఆరళ్లని, ఆడపిల్ల పుట్టిందని మూతి ముడిచిన అత్తింటిని ఆ ఊరి ఆడవాళ్లు సూదితో బొమ్మ కట్టారు. ఆ బొమ్మలు మ్యూజియాల దాకా వెళ్లాయి. అయితే ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది బొమ్మ కాదు. ఆ బొమ్మ కుట్టడానికి ముందు ఆ ఆడవాళ్లకి దొరికిన రెండు సంగతులు. ఒకటి, నలుగురూ కలిసి కూర్చునే చోటు. రెండోది, తన చేతిలో పడే కూలి డబ్బు.

లీచీ తోటలు, వరదనీళ్లు

భుసురా ముజఫర్‌పూర్ జిల్లాలో, గాయ్‌ఘాట్ బ్లాకులో ఉంది. ముజఫర్‌పూర్ నుంచి దర్భంగా వెళ్లే దారి పట్టాలి. ముజఫర్‌పూర్ పేరు చెబితే దేశమంతా గుర్తొచ్చేది లీచీ పండు. వేసవి మొదట్లో తోటలు ఎర్రగా కాస్తాయి. వానాకాలం వస్తే కథ మారిపోతుంది. నేపాల్ కొండల నుంచి దిగే బాగ్‌మతి ఉత్తర బీహార్ పల్లెల్ని ముంచెత్తుతుంది. పొలం ఉన్నవాడికి పంట మీద నమ్మకం ఉండదు. లేనివాడికి ఊళ్లో పని ఉండదు. అందుకే మగవాళ్లు రైలెక్కుతారు. ఢిల్లీకి, పంజాబ్‌కి, సూరత్‌కి, మన హైదరాబాద్‌కి. ఇక్కడి నుంచి దర్భంగాకి నేరుగా రైలుంది. దాని జనరల్ బోగీలోకి ఒకసారి తొంగి చూస్తే చాలు, మన నగరంలో లేస్తున్న అపార్ట్‌మెంట్లకి ఇటుకలు మోసేదెవరో, హోటళ్లలో గిన్నెలు తోమేదెవరో తెలుస్తుంది.

మగవాడు ఊరు వదిలి పోతే ఇల్లాలు అత్తమామల దగ్గర మిగులుతుంది. అక్కడ పరదా ఆచారం గట్టిది. కోడలు పెద్దల ఎదుట ముసుగు తీయకూడదు, పని లేకుండా గడప దాటకూడదు. పెద్ద కులమని చెప్పుకునే ఇళ్లలో ఆడది కూలికి పోవడం పరువు తక్కువ. ఇంట్లో తిండికి కటకటగా ఉన్నా పరువు మాత్రం నిలబడాలి. చేతిలో రూపాయి ఉండదు. పుట్టింటికి పోవాలన్నా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. దెబ్బ తగిలితే చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. చెప్పుకున్నా వచ్చే జవాబు మనకి తెలియనిదేం కాదు. కాపురమన్నాక తిట్లూ తన్నులూ మామూలే, గుట్టుగా సర్దుకుపో. తెలుగు ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తున్న మాటే గంగకి ఆవల కూడా వినిపిస్తుంది.

పురిటి గుడ్డ

సుజనీ ఎవరో డిజైనర్ కనిపెట్టిన కళ కాదు. పాత చీరలు, పంచెలు చిరగకుండా మిగిలిన మేరకు చింపి, రెండు మూడు పొరలుగా పరిచి, పొరలన్నీ కలిసేలా సన్నగా కుట్టుకుంటూ పోతే సుజనీ. మన అమ్మమ్మలు వేసవి సెలవుల్లో అరుగు మీద కూర్చుని కుట్టిన బొంతకి ఇది అక్కచెల్లెలే. ఉత్తర బీహార్‌లో దీనికి పురుడుతో సంబంధం ఉంది. పుట్టిన బిడ్డని కొత్త గుడ్డలో కాకుండా ఈ పాతగుడ్డల పొత్తిలిలో చుట్టేవారు. వాడి వాడి మెత్తబడ్డ నూలు బిడ్డ ఒంటికి గుచ్చుకోదు. అతుకుల గుడ్డలకి ఒక అమ్మవారు కూడా ఉందని, పేరు చిథరియా మాయి అని అక్కడి నమ్మకం. మన పురిటి ఇళ్లలోనూ పదకొండో రోజో ఇరవయ్యొకటో రోజో వచ్చే దాకా బిడ్డకి పాత నేతచీర ముక్కలే కదా.

కుట్టే తీరు దగ్గరగా చూడాల్సింది. ముందు గుడ్డ మీద బొమ్మ గీస్తారు. గీత గీసే చెయ్యి ఒకరిదో ఇద్దరిదో, కుట్టే చేతులు చాలామందివి. బొమ్మ అంచు నల్లదారంతోనో ముదురు గోధుమ రంగు దారంతోనో గొలుసుకుట్టు. అంచు లోపల చీరకి ఒక రంగు, ఆకుకి ఒక రంగు, చేపకి ఒక రంగు చొప్పున దారం మార్చుకుంటూ సన్నటి నడకకుట్టు. ఇక బొమ్మకీ బొమ్మకీ మధ్య మిగిలిన ఖాళీ అంతా గుడ్డ రంగు దారంతోనే, వరస తర్వాత వరస, నింపేస్తారు. ఈ చివరి పనే అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకుంటుంది. దూరం నుంచి చూస్తే అది కుట్టని చోటులా ఉంటుంది. చేత్తో తడిమితే గుడ్డంతా నీటి అలల్లా సన్నగా ముడతలు పడి తగులుతుంది. మంచం దుప్పటంత సుజనీ పూర్తవడానికి నెలలు పడతాయి. వంట, పశువులు, పొలం, పిల్లలు అన్నీ అయ్యాక మిగిలిన మధ్యాహ్నాల్లో నడిచే పని మరి.

ఒక మనిషి, ఇంకో మనిషి

1980ల నాటికి సుజనీ దాదాపు మరుగున పడింది. పక్కనే ఉన్న మిథిల బొమ్మలకి అప్పటికే పేరొచ్చేసింది. 1960ల చివర్లో కరువు వచ్చినప్పుడు కేంద్ర హస్తకళల బోర్డు మిథిలలోని మధుబని ఆడవాళ్ల చేత గోడల మీది బొమ్మల్ని కాగితం మీద వేయించింది. ఆ కాగితాలు ప్రపంచమంతా తిరిగాయి. సుజనీకి ఆ అదృష్టం పట్టలేదు. అది పక్క మీద పరిచే గుడ్డ, పిల్లలు తడిపే గుడ్డ. దాన్ని కళ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

1988లో పాట్నాలో విజి శ్రీనివాసన్ ‘అదితి’ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టారు. అంతకుముందు ఆమె ఫోర్డ్ ఫౌండేషన్‌లో పనిచేశారు. భూమిలేని ఆడవాళ్లు, చేపల చెరువుల మీద బతికే ఆడవాళ్లు, కుట్టుపని తెలిసిన ఆడవాళ్లు సంఘాలుగా కూడి తమ సంపాదన తాము చేతికి తీసుకోవాలన్నది ఆమె పట్టు. భుసురాలో నిర్మలాదేవి ఉన్నారు. ఆ ఊరి మనిషే. అదితి అండతో, మహిళా వికాస్ సహయోగ్ సమితి పేరుతో ఊరి ఆడవాళ్లని కూడగట్టి, సూదీదారం చేతికిచ్చారు. రోజంతా ఇంట్లోనే ఉండే కోడలికి ఇంట్లోనే కూర్చుని చేసే పని ఇస్తే పరదా పట్టింపు ఉన్న మామగారు కూడా అడ్డు చెప్పలేరు. ఆ సందులోంచే అంతా మొదలైంది. ముందు గుడ్డ ఇంటికొచ్చింది. ఆ తర్వాత గుడ్డ కోసం, దారం కోసం, కూలి కోసం ఆడవాళ్లే సమితి గదికి వెళ్లడం మొదలుపెట్టారు.

విజి శ్రీనివాసన్ 2005లో కన్నుమూశారు. మరుసటి ఏడాది బీహార్ సుజనీ కుట్టుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. నిర్మలాదేవి దశాబ్దాలుగా వందల మంది ఆడవాళ్లకి ఈ పని నేర్పారు. 2025లో, డెబ్బై ఏళ్లు దాటాక, ఆమెకి పద్మశ్రీ ఇచ్చారు. ఆలస్యమే. అయినా ఆ గౌరవం అందిన చెయ్యి సరైనది.

చేపలు, తామరలు, ఆ తర్వాత

మొదట్లో కుట్టినవి ఆనవాయితీ బొమ్మలే. చేపలు, ఏనుగులు, సూర్యుడు, చెట్టు, తామర. పదిమంది ఒక గుడ్డ చుట్టూ కూర్చుంటే నోరు ఊరుకోదు. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో మాటల్లో వస్తుంది. ఒకామె ముంజేతి మీద వాపు పక్కామెకి కనిపిస్తుంది. సంస్థ కార్యకర్తలతో జరిగిన చర్చల్లో ఒక ప్రశ్న ముందుకొచ్చింది. ఇదంతా గుడ్డ మీదికి ఎందుకు రాకూడదు? అక్కడి నుంచి సుజనీ మారింది.

కట్నం మీద కుట్టారు. పెళ్లికొడుక్కి ధర కట్టే బేరం, అది తీరక కాలిపోయిన కోడలు. తాగుడు మీద కుట్టారు. ఆడశిశువుల్ని చంపడం మీద, ఎన్నికల మీద, ఎయిడ్స్ మీద, చదువు మీద కుట్టారు. చాలా గుడ్డల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. ఒక సగంలో జరుగుతున్నది, ఇంకో సగంలో జరగాల్సింది. ఒక పక్క ముసుగులో కూలబడ్డ ఆడది, ఇంకో పక్క సభలో మాట్లాడుతున్న ఆడది. ఏడుపు ఒక్కటే చూపించి ఊరుకోలేదు వాళ్లు. రెండో సగం గీయాలంటే ముందు అలాంటి బతుకు ఉంటుందని అనుకోగలగాలి. దెబ్బలు తినే మనిషికి అన్నిటికంటే ముందు పోయేది ఆ ఊహే. ఈ పని గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఇంకో మెలకువ కూడా ఉంది ఇందులో. గుడ్డ మీద ఉన్న ఇల్లాలికి పేరు లేదు. ముసుగు ఉంది కాబట్టి ముఖం కూడా లేదు. అది ఎవరి కథ అని అత్తగారు అడిగితే ఎవరిదో ఒకరిది అనొచ్చు. కానీ కుట్టిన ఆమెకి తెలుసు, పక్కన కూర్చుని కుట్టిన నలుగురికీ తెలుసు. తన ఒక్కదానికే జరుగుతోంది, తప్పు తనలోనే ఉంది అనుకుంటూ ఏళ్ల తరబడి కుమిలిన మనిషికి అదే బొమ్మ పక్కామె కూడా గుర్తుపట్టిందంటే, ఆ రోజు నుంచి అది ఆమె తలరాత కాదు.

ఈ పని ఒక్క భుసురాదే కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, కేప్ కాడ్ తీరంలో హయానిస్ అనే పట్టణం ఉంది. 1990 అక్టోబర్‌లో అక్కడి ఆడవాళ్లు ఊరి మధ్య పచ్చిక మీద బట్టలారేసే తాడు కట్టి, 31 చొక్కాలు వేలాడదీశారు. ఒక్కో చొక్కా మీద హింస అనుభవించిన ఒక్కో మనిషి తన కథని రంగులతో, రాతతో తానే చెప్పుకుంది. చనిపోయినవాళ్ల కోసం తెల్లచొక్కా. ఆ తాడు తర్వాత ఎన్నో దేశాలకి పాకింది. హయానిస్ ఆడవాళ్లకి భుసురా తెలియదు, భుసురా ఆడవాళ్లకి హయానిస్ తెలియదు. ఇద్దరూ చేపట్టింది ఇంటి బట్టనే. ఆడవాళ్ల పనిగా రోజూ చూసే వస్తువు మీద, చూడటానికి ఎవరూ ఒప్పుకోని సంగతి పెట్టారు.

మన దూబగుంట

తెలుగువాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్ల వాచకంలో ఒక పాఠం వచ్చింది. సారా వల్ల కూలిన ఒక సంసారం కథ. ఆ కథలో మనిషి ఎవరో వాళ్లకి వెంటనే తెలిసిపోయింది, వాళ్లే. 1992లో ఊళ్లో సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఆ మంట జిల్లా దాటి రాష్ట్రమంతా అంటుకుంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం రెండేళ్లు తిరగ్గానే నీరుగారింది, అది వేరే బాధ. నెల్లూరులో వాచకం చేసిన పనినే ముజఫర్‌పూర్‌లో సుజనీ చేసింది. తన బతుకుని తనకి ఎదురుగా పెట్టి చూపించింది.

బీహార్‌లో కూడా మహిళా సంఘాలు అడగ్గా 2016 ఏప్రిల్‌లో మద్యనిషేధం తెచ్చారు. కల్తీసారా చావుల వార్తలు ఇప్పటికీ ఆగలేదు. తాగుడు మాన్పిస్తే దెబ్బలు ఆగుతాయన్న ఆశ సగమే నిజం. తాగనివాడూ కొడతాడు. కొట్టే హక్కు తనకుందన్న నమ్మకం సీసాలోంచి రాదు.

బీహార్ కాబట్టి ఇలా ఉందిలే అని తేల్చేసేవాళ్ల కోసం ఒక లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల మధ్య వివాహితల్లో భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పినవాళ్లు బీహార్‌లో నూటికి 40 మంది. తెలంగాణలో దాదాపు 37. ఆంధ్రప్రదేశ్‌లో 30. దేశం మొత్తం మీద 29. భుసురాకీ మనకీ దూరం మ్యాపులో ఉన్నంత లేదు. ఇవి కూడా అడిగిన మనిషికి చెప్పగలిగినవాళ్ల లెక్కలే.

ఎవరు కొంటారు?

ఇక చేదు నిజం. భర్త భార్యని కొడుతున్న బొమ్మ ఉన్న దుప్పటిని ఎవరు మంచం మీద పరుచుకుంటారు? అలాంటి సుజనీలని మ్యూజియాలు, కళాఖండాలు సేకరించేవాళ్లు, కొన్ని సంస్థలు కొంటాయి. మామూలు కొనుగోలుదారుకి కావలసింది చేపలున్న కుషన్ కవరు, తామరలున్న దుపట్టా, టస్సర్ చీర మీద అంచు. కూలి ఎక్కువగా దాని మీదే నడుస్తుంది. అందుకని ఇప్పుడు బజారుకి వచ్చే సుజనీలో కథలు తక్కువ, పూలు ఎక్కువ.

దీన్ని చూసి కళ చచ్చిపోయిందని నిట్టూర్చేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. బయటి ఊళ్ల పెద్దమనుషుల కోసం ఆ ఆడవాళ్లు తమ దెబ్బల్ని జీవితాంతం కుట్టి చూపించాలని ఎవరు అన్నారు? ఒకసారి చెప్పాల్సింది చెప్పాక, చేపలు కుట్టుకునే హక్కు వాళ్లకి ఉంది. చేప కుట్టినా కూలి వస్తుంది. ఆ కూలి డబ్బు ఆమె చేతిలో ఉన్న ఇంట్లో మాట తీరు మారుతుంది. పిల్ల బడి ఫీజుకి ఎవరినీ దేబిరించనక్కర్లేదు. బస్సు చార్జీ కొంగున ఉంటే పుట్టింటికి తనంతట తానే పోగలదు. పోగలదని ఇంట్లో అందరికీ తెలుసు. నా లెక్కలో ఈ చివరి సంగతి ఏ చిత్రానికీ తక్కువ కాదు.

అలాగని కూలి ఒక్కటే కాపాడుతుందని కూడా చెప్పలేం. సంపాదన మొదలయ్యాక ఇంట్లో పోరు పెరిగిన ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కూలి డబ్బు తెచ్చి మొగుడి చేతిలో పోసే ఇళ్లున్నాయి. అందుకే చోటు ముఖ్యం. సమితి గది అంటే నాలుగు గోడలు, ఒక చాప, చుట్టూ పదిమంది. ఒకామె రెండు రోజులు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. మూడో రోజు ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి తలుపు తడతారు. గృహహింస గురించి ఎన్ని చట్టాలు వచ్చినా, గడప నుంచి పోలీస్ స్టేషన్ దాకా ఒంటరిగా నడవడం ఏ ఆడమనిషికీ తేలిక కాదు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే చోటు ఒకటి కావాలి. మన ఊళ్లలో పొదుపు సంఘాల సమావేశాలు జరిగే గదులు అలాంటి చోట్లు కాగలవు. వాయిదాలు, వడ్డీలు, సంతకాలు ముగిశాక లేచిపోకుండా ఇంకో గంట కూర్చోగలిగితే, చేతిలో ఏదో ఒక పని ఉంటే, మాట దానంతట అదే వస్తుంది. మన దగ్గర సూది పట్టిన చేతులు తక్కువేం లేవు. లంబాడీ తండాల్లో అద్దాల కుట్టు ఉంది, నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్లున్నారు. వాళ్ల చేతిపనిని అమ్మిపెట్టడానికి పథకాలు వచ్చాయి. వాళ్ల మాట వినడానికి ఎవరైనా కూర్చున్నారా అన్నదే నా ప్రశ్న.

కొనేవాళ్లకి ఒక మాట. హస్తకళల మేళాలో సుజనీ కనిపిస్తే బేరం మొదలుపెట్టే ముందు గుడ్డని తిరగేసి చూడండి. వెనక వైపు కూడా వరస తప్పని కుట్టు కనిపిస్తుంది. అది ఎన్ని మధ్యాహ్నాల పనో లెక్కేయండి. కుట్టిన మనిషికి అందులో ఎంత ముట్టిందని అమ్మేవాళ్లని అడగండి. జవాబు తడబడితే ఇంకో దుకాణం చూడండి.

మిగతా అందరికీ ఇంకో మాట. గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద కొట్టడం ఒక్కటే హింస కాదు. బూతులు తిట్టడం, డబ్బు ఇవ్వకుండా మాడ్చడం, బెదిరించడం కూడా హింసే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంది. ఫిర్యాదు ఆమే చేయాలని లేదు. పక్కింటివాళ్లు కూడా రక్షణ అధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ నిలవదని చట్టమే రాసింది. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181. గోడ అవతల కేక వినపడినప్పుడు ఆ నంబరు మీరు తిప్పొచ్చు.